కుక్కల కీళ్లకు వంశం నుంచి వచ్చే జబ్బులు

కుక్కల్లో కీళ్ల వాతాన్ని ముసలితనపు జబ్బుగా చూడడం వాడుక. వయసు మళ్లిన కుక్క కుంటుతుంది, మెట్లెక్కలేదు, పడుకున్న చోటు నుంచి లేవడానికి ఇబ్బంది పడుతుంది. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. పశువైద్యశాస్త్రం చెప్పేది వేరు. మనుషుల్లో మోకాళ్లు అరగడానికి వయసు పెద్ద కారణం. కుక్కల్లో మాత్రం ఆ అరుగుదలకు బీజం చాలాసార్లు మొదటి ఏడాదిలోనే పడుతుంది. ఎదిగే వయసులో ఎముకలు ఒకదానిలో ఒకటి సరిగా అమరవు. అలా అమరని కీలు మీద బరువు పడినకొద్దీ మృదులాస్థి దెబ్బతింటుంది. ఆ అమరికలోని లోపం చాలావరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. అందువల్ల పదేళ్ల కుక్క పడే నొప్పిని అర్థం చేసుకోవాలంటే, అది పుట్టకముందు ఏ కుక్కను ఏ కుక్కతో కలిపారన్న దగ్గర మొదలుపెట్టాలి.

జబ్బు ఎంత విస్తృతమో చెప్పే లెక్కలు ఒకదానికొకటి పొసగవు. అమెరికాలో ఏడాది దాటిన కుక్కల్లో ఐదింట ఒకదానికి కీళ్ల వాతం ఉంటుందన్న అంచనా 1990ల నుంచి ప్రచారంలో ఉంది. బ్రిటన్‌లో సాధారణ పశువైద్యశాలల రికార్డుల్లోంచి 4.5 లక్షలకు పైగా కుక్కల వివరాలు తీసుకుని 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక ఏడాదిలో ఈ జబ్బు నమోదైన కుక్కలు 2.5 శాతం మాత్రమే. తేడాలో కొంత లెక్కగట్టే పద్ధతి వల్ల వచ్చింది. మిగతా దానికి కుక్క నొప్పిని ఎవరూ గుర్తించకపోవడమే కారణమని అనుకోవడం తప్పు కాదు. కుక్క నొప్పితో అరవడం అరుదు. నడక తగ్గిస్తుంది, ఆట మానేస్తుంది, సోఫా ఎక్కడం మానేస్తుంది, ముట్టుకుంటే చిరాకు పడుతుంది. ఇవన్నీ స్వభావం మారినట్టు కనిపిస్తాయి తప్ప జబ్బులా కనిపించవు.

వంశం నుంచి వచ్చే కీళ్ల జబ్బులన్నిటిలో ఎక్కువ పరిశోధన జరిగినది తుంటి కీలు జబ్బు మీద. దీన్ని హిప్ డిస్‌ప్లేజియా అంటారు. తొడ ఎముక పై కొన బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని లోతైన గుంటలో ఇమిడి తిరగాలి. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, జబ్బు వచ్చే పిల్లలు కూడా పుట్టేటప్పుడు మామూలు తుంటితోనే పుడతాయి. మొదటి కొన్ని వారాల్లో కీలును పట్టి ఉంచే లిగమెంట్లు, కీలు చుట్టూ ఉండే తొడుగు వదులవుతాయి. బరువు పెరుగుతుంది, కండబలం దానికి సమంగా పెరగదు. బంతి గుంటలో కుదురుగా కూర్చోక అడుగడుక్కీ కాస్త పక్కకు జారుతుంది. ఎముకలు ఇంకా మెత్తగా ఉన్న వయసు కాబట్టి, బంతి ఒత్తిడి గుంట అంచు మీద పడి గుంట లోతు తగ్గుతుంది, బంతి చదునవుతుంది. మృదులాస్థి మీద పడాల్సిన బరువు కీలంతా పరచుకోకుండా ఒక చిన్న అంచు మీదే కేంద్రీకరిస్తుంది. అక్కడ మృదులాస్థి చిట్లి, కీలు లోపలి పొర వాచి, శరీరం కీలును నిలబెట్టే ప్రయత్నంలో అంచుల వెంట కొత్త ఎముకను పెంచుతుంది. ఈ దశకు వచ్చాక దాన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. వెనక్కి తిప్పగల మందు దానికి నేటికీ లేదు.

లక్షణాలు రెండు విడతలుగా రావడం వల్ల చాలామంది యజమానులు మోసపోతారు. మొదటి విడత సుమారు నాలుగు నెలల నుంచి ఏడాది లోపు. పిల్ల పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంది, నడుము ఊగుతుంది, ఆట తర్వాత కుంటుతుంది. ఆపైన కీలు చుట్టూ తొడుగు గట్టిపడి జారడం తగ్గుతుంది, నొప్పి కూడా తగ్గుతుంది. పెరిగే వయసు కుంటు, పెరిగాక పోయింది అని ఇంట్లోవాళ్లు ఊరట పడతారు. కీలు లోపల అరుగుదల మాత్రం సాగుతూనే ఉంటుంది. మధ్యవయసులో రెండో విడత మొదలవుతుంది: లేవగానే బిగుసుకుపోయిన నడక, తొడల్లో కండ తగ్గి ముందు కాళ్ల మీదకు బరువు వాల్చడం, కారులోకి ఎక్కడానికి వెనకాడడం.

తుంటి జబ్బును కుక్కల్లో మొదటగా వర్ణించినవాడు అమెరికా పశువైద్యుడు గెర్రీ ష్నెల్, 1935లో. అప్పట్లో అది అరుదైన వింతగా కనిపించింది. ఎక్స్‌రే వాడకం పెరిగాక జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్, సెయింట్ బెర్నార్డ్, న్యూఫౌండ్‌లాండ్ వంటి పెద్ద జాతుల్లో అది సాధారణమని తేలింది. పరిమాణం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. బుల్‌డాగ్, పగ్ చిన్నవే అయినా తుంటి జబ్బు పట్టికల్లో పైవరుసలో ఉంటాయి. పొడుగాటి గ్రేహౌండ్‌లో అది చాలా అరుదు. మిశ్రమ జాతి కుక్కలకు రాదన్న నమ్మకం కూడా నిలవలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో 27 వేలకు పైగా కుక్కల రికార్డులు పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనంలో, తుంటి జబ్బు విషయంలో శుద్ధ జాతులకూ మిశ్రమ కుక్కలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇది ఒక జన్యువు వల్ల వచ్చే జబ్బు కాదు. అనేక జన్యువులు తలా కొంచెం పాలు పంచుకుంటాయి, పెంపకం ఇంకొంత చేరుస్తుంది. జాతిని బట్టి, కొలిచే పద్ధతిని బట్టి వారసత్వపు పాలు సుమారు ఐదో వంతు నుంచి సగం పైదాకా ఉంటుందని అంచనా. దీని నుంచి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, చక్కగా నడిచే తల్లికీ చక్కగా నడిచే తండ్రికీ జబ్బు పిల్లలు పుట్టవచ్చు. రెండు, ఒక రక్తపరీక్షతో జబ్బు ఉందో లేదో తేల్చేసే వీలు లేదు. నడక చూసి జతకట్టించడం వంశంలో జబ్బును దాచి మోసుకెళ్లడమే.

అందుకే ఎక్స్‌రే పథకాలు పుట్టాయి. బ్రిటన్‌లో పశువైద్యుల సంఘం, కెన్నెల్ క్లబ్ కలిసి 1965లో పథకం మొదలుపెట్టాయి. ఇప్పుడు అక్కడ ఒక్కో తుంటిలో తొమ్మిది అంశాలు చూసి మార్కులు వేస్తారు. ఒక వైపు గరిష్ఠం 53, రెండు వైపులా కలిపి 106. సున్నా అయితే అత్యుత్తమం. అమెరికాలో పారిశ్రామికవేత్త జాన్ ఓలిన్ చొరవతో 1966లో ఏర్పడిన ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్, రెండేళ్లు నిండిన కుక్కల ఎక్స్‌రేలను ముగ్గురు నిపుణులకు విడివిడిగా చూపించి ఏడు తరగతుల్లో ఒకటి ఇస్తుంది. యూరప్‌లో ఎక్కువ దేశాలు ఏ నుంచి ఈ దాకా అక్షరాలు వాడతాయి. వీటన్నిటిలోనూ కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు చాపి ఫోటో తీస్తారు. ఆ భంగిమలో తొడుగు బిగుసుకుని, లోపలి వదులుతనం కొంత దాగిపోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గెయిల్ స్మిత్ 1980లలో పెన్‌హిప్ పద్ధతి రూపొందించాడు. మత్తులో ఉన్న కుక్క తుంటిని ఒక పరికరంతో మెల్లగా బయటికి ఒత్తి, బంతి ఎంత జారుతుందో సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. 0.3 కంటే తక్కువ ఉంటే వాతం వచ్చే అవకాశం చాలా తక్కువ. పదహారు వారాల పిల్లకు కూడా ఈ పరీక్ష చేయవచ్చు. ఏ పద్ధతి మేలన్న వాదన నిపుణుల్లో ఇంకా సాగుతోంది. ఏదో ఒకటి చేయడం, ఏదీ చేయకపోవడం అన్న తేడా ముందు ఆ వాదన చిన్నది.

వంశాన్ని ఎంచుకుంటే జబ్బు నిజంగా తగ్గుతుందా? గట్టి జవాబు అంధులకు దారి చూపే కుక్కలను పెంచే సంస్థల నుంచి వచ్చింది. న్యూజెర్సీలోని సీయింగ్ ఐ సంస్థ తన కుక్కల తుంటి వివరాలను తరతరాలుగా రాసిపెట్టుకుంది. ఒక కుక్క ఎక్స్‌రేను మాత్రమే చూసి ఊరుకోకుండా, దాని తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రుల ఫలితాలన్నీ కలిపి ఒక్కో కుక్కకు సంతాన విలువ లెక్కగట్టింది. 1997లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఐదు తరాల్లో జర్మన్ షెపర్డ్‌లలో జబ్బు 55 శాతం నుంచి 24 శాతానికి, లాబ్రడార్లలో 30 నుంచి 10 శాతానికి దిగింది. ఇంత తగ్గుదల మామూలు జాతి క్లబ్బుల్లో రాలేదు. కారణం ఊహించవచ్చు. పరీక్ష యజమాని ఇష్టానికి వదిలిన చోట చెడ్డ ఎక్స్‌రేలు బయటికి రావు. బంధువుల వివరాలు లేకుండా ఒంటరి ఎక్స్‌రే పాక్షిక సాక్ష్యమే. ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికంటే విలువైన పాఠం ఇదే, అన్నిటికంటే తక్కువగా ఆచరణలోకి వచ్చినదీ ఇదే.

వారసత్వం తర్వాత స్థానం గిన్నెది. దీనిపై ప్యూరినా సంస్థ అమెరికాలో చేసిన అధ్యయనం పశుపోషణ చరిత్రలోనే ప్రసిద్ధం. 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీశారు. ఒక దానికి తిన్నంత, దాని జతకు అందులో నాలుగో వంతు తగ్గించి పెట్టారు. ఆహారం ఒకటే, కొలతే వేరు. రెండేళ్ల వయసుకు తక్కువ తిన్నవాటిలో తుంటి జబ్బు సగం దాకా తగ్గింది. తుంటిలో వాతం ఎక్స్‌రేలో కనబడిన మధ్యస్థ వయసు ఎక్కువ తిన్నవాటిలో 6 ఏళ్లు, తక్కువ తిన్నవాటిలో 12 ఏళ్లు. ఆయుర్దాయం 11.2 ఏళ్ల నుంచి 13 ఏళ్లకు పెరిగింది. వంశం అదే అయినా గిన్నె కొలత ఆరేళ్ల నొప్పిని వెనక్కి నెట్టిందన్నమాట. బొద్దుగా ఉన్న కుక్కపిల్ల ముద్దొస్తుంది. పెద్ద జాతి పిల్ల విషయంలో ఆ బొద్దుతనం దానికి చేసే అపకారమే. చేత్తో నిమిరితే పక్కటెముకలు తెలియాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనబడాలి.

క్యాల్షియం సంగతి విడిగా చెప్పాలి. మన ఇళ్లలో లాబ్రడార్ పిల్ల రాగానే ఎముకల బలానికని క్యాల్షియం సిరప్ పోయడం మామూలు. పెద్ద జాతి పిల్లల మీద, ముఖ్యంగా గ్రేట్ డేన్‌ల మీద నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో హాజెవింకెల్ బృందం 1980లలో చేసిన పరిశోధనలు దీనికి విరుద్ధంగా చెప్పాయి. చిన్న వయసులో పేగు అదనపు క్యాల్షియాన్ని వద్దనలేదు. ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ లోపలికి పోతుంది, ఎదిగే మృదులాస్థి ఎముకగా మారే క్రమం చెడుతుంది. పెద్ద జాతి పిల్లలకని తయారైన సమతుల ఆహారం పెడుతూ పైన సిరప్ పోయడం హాని. ఉత్త పెరుగన్నం మీద పెరిగే పిల్లది వేరే సమస్య. దానికి మాంసకృత్తులు, క్యాల్షియం రెండూ చాలవు. ఆ లోటు ఎలా పూడ్చాలో వైద్యుడు లెక్కగట్టి చెప్పాలి, మందుల షాపు చెప్పకూడదు.

వ్యాయామం విషయంలో నార్వేలో నాలుగు పెద్ద జాతుల పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనం ఉపయోగకరం. పుట్టినప్పటి నుంచి మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కి దిగిన పిల్లల్లో తుంటి జబ్బు ఎక్కువైంది. మెత్తటి, కాస్త ఎగుడుదిగుడు నేల మీద గొలుసు లేకుండా తిరిగినవాటిలో తగ్గింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో నేల గ్రానైటో నున్నటి టైలో, బయటికి దారి మెట్లో లిఫ్టో. జారే నేల మీద పరచిన పాత కొబ్బరిపీచు చాప, మెట్ల దగ్గర ఎత్తుకుని దించడం, పూటకోసారి మట్టి నేల, ఇవి ఖర్చు లేని నివారణలు. సంతాన నిరోధ శస్త్రచికిత్స ఎప్పుడు చేయాలన్నదీ కీళ్లతో ముడిపడినదే. డేవిస్‌లోనే 759 గోల్డెన్ రిట్రీవర్ల రికార్డులు చూసి 2013లో ప్రచురించిన ఫలితాల్లో, ఏడాదిలోపు ఆపరేషన్ అయిన మగ కుక్కల్లో 10 శాతానికి తుంటి జబ్బు ఉంది. చేయనివాటితో పోలిస్తే ఇది రెట్టింపు. ఎముకల చివర్లు మూసుకుని ఎదుగుదల ఆగేది లైంగిక హార్మోన్ల ప్రభావంతోనే కాబట్టి, ఇంట్లో పెరిగే పెద్ద జాతి కుక్కకు ఏడాది దాటేదాకా ఆగమని ఇప్పుడు చాలామంది వైద్యులు సలహా ఇస్తున్నారు. వీధికుక్కల సంఖ్యను అదుపు చేసే కార్యక్రమానికి ఈ లెక్క వర్తించదు.

ముందు కాలి మోచేతిలో వచ్చే జబ్బులను ఎల్బో డిస్‌ప్లేజియా అనే ఒకే పేరు కింద చేరుస్తారు. మోచేతిలో మూడు ఎముకలు కలుస్తాయి. ఎదుగుదలలో ఒకటి వెనకబడినా పొందిక చెడుతుంది. వాటిలో అల్నా అనే ఎముక లోపలి అంచున ఉండే చిన్న ముక్క చిట్లడం లాబ్రడార్, రాట్‌వైలర్, బెర్నీస్ మౌంటెన్ డాగ్‌లలో ఎక్కువ. వెనక ఉండే కొక్కెం లాంటి ఎముక ఐదారు నెలలు దాటినా అతుక్కోకపోవడం జర్మన్ షెపర్డ్‌లలో కనిపిస్తుంది. అంతర్జాతీయ మోచేయి కార్యబృందం 1989లో ఏర్పడి సున్నా నుంచి మూడు దాకా తరగతులు పెట్టింది. తుంటితో పోలిస్తే మోచేయి మొండిది. ముందు కాళ్లు శరీర బరువులో సుమారు 60 శాతం మోస్తాయి. పైగా రెండు మోచేతులూ సమంగా దెబ్బతిన్న కుక్క కుంటదు, పొట్టి అడుగులు వేస్తుందంతే. ఆర్త్రోస్కోపీతో, అంటే కీలులోకి సన్నటి గొట్టం పంపి, చిట్లిన ముక్క తీసేసినా వాతం ఆగదు, నెమ్మదిస్తుంది.

చిన్న జాతులకు చిన్న జాతుల కష్టాలు. పొమెరేనియన్, చివావా, యార్క్‌షైర్ టెరియర్‌లలో మోకాలి చిప్ప గాడి తప్పి లోపలి వైపు జారుతుంది. మూడు కాళ్ల మీద నాలుగడుగులు గెంతి, కాలు విదిలించి, మళ్లీ మామూలుగా నడిచే కుక్కలో ఇదే కారణం కావచ్చు. తీవ్రతను బట్టి నాలుగు తరగతులు. మొదటి తరగతికి బరువు తగ్గింపు చాలు, పై తరగతులకు గాడిని లోతు చేసే శస్త్రచికిత్స అవసరం. చిన్న జాతుల్లోనే లెగ్-పెర్థెస్ జబ్బు ఏడాదిలోపు తుంటి బంతికి రక్తం అందక అది కుంగిపోయేలా చేస్తుంది. మోకాలి లోపలి క్రూసియేట్ లిగమెంటు తెగడాన్ని చాలాకాలం దెబ్బగానే భావించారు. లాబ్రడార్, రాట్‌వైలర్, న్యూఫౌండ్‌లాండ్ జాతుల్లో అది నెమ్మదిగా పీచు పీచుగా తెగే జబ్బనీ, వంశానికి అందులో పాలుందనీ ఇప్పుడు తెలుసు. ఒక కాలిది తెగిన కుక్కల్లో దాదాపు సగానికి రెండో కాలిదీ తెగుతుంది.

కుంటే ప్రతి కుక్కకూ వంశపారంపర్య జబ్బు ఉన్నట్టు కాదు. తెలుగు ప్రాంతాల్లో ఇది మరీ ముఖ్యం. పిడుదులు వ్యాపింపజేసే ఎర్లీకియా క్రిమి కీళ్లవాపు తెస్తుంది. జ్వరం, నీరసంతో పాటు కీళ్లు మారి మారి వాస్తే ముందు రక్తపరీక్ష చేయాలి. అనుమానం తుంటి మీదే ఉంటే, అది వదులుగా ఉందో లేదో చూడడానికి, శిశువుల కోసం ఇటలీ వైద్యుడు ఒర్టొలానీ రూపొందించిన చేతి పరీక్షనే పశువైద్యులు మత్తులో ఉన్న కుక్కకు చేస్తారు. జారిన బంతి గుంటలోకి తిరిగి పడినప్పుడు చేతికి తెలుస్తుంది. ఎక్స్‌రేలో కనబడే అరుగుదలకూ కుక్క పడే బాధకూ నేరుగా పొంతన ఉండదు. ఘోరమైన ఎక్స్‌రే ఉన్న కుక్క హాయిగా తిరగవచ్చు. అందుకే ఇంట్లో కుక్క లేవడం, మెట్లెక్కడం ఫోన్‌లో వీడియో తీసి వైద్యుడికి చూపడం మంచి పని.

చికిత్సలో మొదటి మందు బరువు తగ్గించడమే. ఊబకాయం ఉన్న వాతం కుక్కల్లో శరీర బరువులో 6 శాతం తగ్గేసరికే కుంటు కొలవగలిగినంత తగ్గిందని 2010లో ఒక అధ్యయనం చూపింది. ముప్పై ఐదు కిలోల లాబ్రడార్‌కు అది రెండు కిలోలు. దానితో పాటు రోజూ ఒకే తీరున, కొద్ది కొద్దిగా నడక. వారమంతా పడుకోబెట్టి ఆదివారం బీచ్‌లో పరిగెత్తించడం నొప్పిని పెంచుతుంది. ఈత దొరికితే మేలు.

నొప్పి మందుల్లో కార్‌ప్రోఫెన్, మెలాక్సికామ్, ఫిరోకాక్సిబ్ వంటివి కుక్కల్లో బాగా పరీక్షించినవి. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయిస్తూ నెలల తరబడి వాడవచ్చు. స్టెరాయిడ్‌తో కలిపి వాడకూడదు. ఇంట్లోని మనుషుల బిళ్లలు ఇవ్వడం మాత్రం ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం తెస్తాయి. పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీయగలదు. మెలాక్సికామ్ కుక్కలకు వాడే మందే అయినా, 30 కిలోల కుక్కకు రోజు మోతాదు సుమారు 3 మిల్లీగ్రాములు, మనుషుల బిళ్ల 7.5 లేదా 15. పశువులకు డైక్లోఫెనాక్ వాడడాన్ని భారతదేశం 2006లో నిషేధించింది. కారణం రాబందులు. ఆ మందు తీసుకున్న పశువుల కళేబరాలు తిని అవి లక్షల్లో చనిపోయాయి. వాటికి హాని చేయని ప్రత్యామ్నాయంగా నిలిచినది మెలాక్సికామే.

నరాల పెరుగుదల కారకాన్ని అడ్డుకునే బెడిన్‌వెట్‌మాబ్ ఇంజెక్షన్‌కు యూరప్ 2020లో, అమెరికా 2023లో అనుమతి ఇచ్చాయి. నెలకోసారి వేస్తారు. చాలా కుక్కలకు ఊరట ఇచ్చింది. తడబడే నడక, మూర్ఛల వంటి ఫిర్యాదులు అందడంతో 2024 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ పశువైద్యులను అప్రమత్తం చేసింది. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులకు ఓ మోస్తరు ఆధారం ఉంది. విరివిగా అమ్ముడయ్యే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ బిళ్లలకు ఆధారం బలహీనం. ఆ డబ్బు ఎక్స్‌రేకు ఖర్చుపెడితే ఎక్కువ ఫలం.

శస్త్రచికిత్సకు సమయం కీలకం. కటి ఎముక ముందు అతుకును చిన్నప్పుడే మూయించి గుంటను బంతి మీదకు వాలేలా చేసే ఆపరేషన్ 20 వారాల లోపే పనిచేస్తుంది. కటి ఎముకను కోసి తిప్పే ఆపరేషన్ వాతం మొదలవకముందు, ఏడాదిలోపు చేయాలి. ఆ అదను దాటితే మిగిలేవి రెండే: బంతిని తీసేసి కండలతోనే కీలు పనిచేసేలా చేయడం, లేదా కృత్రిమ తుంటి అమర్చడం. మొదటిది చిన్న కుక్కల్లో బాగా కుదురుతుంది. రెండోది పెద్ద కుక్కకు ఉత్తమం, ఖర్చూ ఎక్కువే. అదను దాటకుండా ఉండాలంటే పెద్ద జాతి పిల్ల తుంటిని నాలుగు నెలలకే చూపించాలి. టీకాల కోసం ఎలాగూ వైద్యుడి దగ్గరికి వెళ్లే వయసే అది.

భారతదేశంలో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ పిల్లలు విపరీతంగా అమ్ముడవుతాయి. కొనేవాళ్లు చూసేది తలకట్టు, రంగు, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం. ఆ కాగితం వంశావళిని చెబుతుంది, తుంటి సంగతి చెప్పదు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. చట్టం అంతవరకు రక్షణ ఇస్తుంది. మిగతాది కొనేవాడి చేతిలో ఉంది. పెద్ద జాతి పిల్లను కొనబోయేవాళ్లు తల్లిదండ్రులిద్దరి తుంటి, మోచేతి ఎక్స్‌రే నివేదికలు అడగాలి, ముందు ఈతల్లో పుట్టిన పిల్లలు ఎలా నడుస్తున్నాయో అడగాలి. చూపించలేని బ్రీడర్ దగ్గర కొనకుండా వెనక్కి రావాలి.